మేడ మీద తేనెపెట్టె: ఈగలు ఎందుకు లేచిపోతాయి, తేనె ఎంత తీయాలి

హైదరాబాద్‌లో మేడ మీద తేనెపెట్టె పెట్టాలనుకునేవాళ్ళు ముందు భయపడేది కుట్టడానికి. తీరా పెట్టాక ఎక్కువమందికి ఎదురయ్యేది ఖాళీ పెట్టె. ఒక ఉదయం మూత తీస్తే పట్లు ఎక్కడివక్కడే ఉంటాయి, ఈగ ఒక్కటీ ఉండదు. చచ్చిన ఈగల కుప్పా కనిపించదు. ఇక్కడ పెట్టెల్లో పెంచే మన నాటు రకం పుట్ట తేనెటీగ స్వభావమే అంత. తిండి చాలకపోయినా, ఎండ భరించలేకపోయినా, చీమలు వేధించినా రాణితో సహా కుటుంబమంతా లేచి ఇంకోచోటికి పోతుంది. నగరంలో తేనెటీగల పెంపకమంటే ముప్పాతిక వంతు పని వాటిని లేచిపోకుండా చూసుకోవడమే. పెట్టె ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్ళకోసారి తెరవాలి, ఎంత తేనె తీసి ఎంత వదలాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే ఉంది.

ఏ ఈగను పెంచాలి

నగరంలో కనిపించే తేనెటీగలన్నీ పెట్టెలో ఉండే రకాలు కావు. అపార్ట్‌మెంటు సన్‌షేడు కిందా, వాటర్ ట్యాంకు అడుగునా మీటరు వెడల్పున వేలాడే ఒంటి పట్టు కొండ తేనెటీగది (ఎపిస్ డోర్సేటా). అది బయట, వెలుతురులోనే పట్టు కడుతుంది. పెట్టెలో నిలవదు. పూత ఉన్న కొన్ని నెలలు ఉండి తనంతట తనే వెళ్ళిపోతుంది. మందు కొట్టించి, మంట పెట్టించే అలవాటు రెండందాలా చెడ్డది. చెదిరిన ఈగలు ఆ పూటంతా కనపడినవాళ్ళనల్లా కుడతాయి. పురుగుమందు తగిలిన ఆ పట్టును పిండి ఎవరో ఒకరు అమ్ముకునే ప్రమాదమూ ఉంది. గోరింట కొమ్మకో, కంచె మొక్కకో అరచేయంత పట్టు పెట్టే విసనకర్ర తేనెటీగనూ (ఎపిస్ ఫ్లోరియా) పెట్టెలో పెంచలేం.

పెంచగలిగేవి మూడు. ఇటాలియన్ ఈగ (ఎపిస్ మెల్లిఫెరా) 1962లో అప్పటి పంజాబులోని నగ్రోటాలో మన దేశంలో నిలదొక్కుకుంది. పెట్టెకు పాతిక ముప్పై కిలోల తేనె అంటూ వినిపించే లెక్కలు దానివే. ఆ లెక్క వెనక లారీ ఉంటుంది. పొద్దుతిరుగుడు ఒకచోట, ఆవాలు ఇంకోచోట పూస్తుంటే పెట్టెలను అక్కడికి మోసుకుపోతేనే అంత తేనె. కదలకుండా మేడ మీద ఉంచితే చుట్టుపక్కల పూత దానికి చాలదు. పైగా వరోవా అనే నల్లికి ఏటా మందు పెట్టాలి. ఆ నల్లి అసలు పుట్ట తేనెటీగ మీద బతికేదే. పుట్ట తేనెటీగ దగ్గర ఆ నల్లి పోతుటీగల (మగ ఈగల) అరల్లో తప్ప పెద్దగా పెరగజాలదు కాబట్టి కుటుంబాన్ని కూల్చేంత నష్టం చేయదు. ఇటాలియన్ ఈగకు ఆ రక్షణ లేదు.

పుట్ట తేనెటీగ (ఎపిస్ సెరానా ఇండికా) చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, నగరంలోనైతే మీటరు బోర్డు వెనకా, పాత గోడ సందుల్లో కాపురం ఉండే రకం. ఒకదాని పక్కన ఒకటిగా అయిదారు పట్లు చీకట్లో కడుతుంది కాబట్టి పెట్టెకు సరిగ్గా సరిపోతుంది. మకరందం కోసం మహా అయితే కిలోమీటరు, కిలోమీటరున్నర పోతుంది. అంటే ఆ పరిధిలో ఉన్న చెట్లే దాని ఆస్తి. మేడ మీద ఇరవై కుండీలు పెంచి ఈగలకు తిండి పెడుతున్నామనుకోవడం ముచ్చటే గానీ లెక్కకు రాదు. వీధి చివర ఉన్న ఒక్క కానుగ చెట్టు ఆ కుండీలన్నిటికన్నా ఎక్కువ మకరందం ఇస్తుంది.

మూడోది కుట్టని ముసురు తేనెటీగ. గోడ పగులులోంచి గొట్టంలా పొడుచుకొచ్చిన జిగురు మైనపు వాకిలి కనిపిస్తే అది దీని ఇల్లే. కొండి లేదు, పొగ అక్కర్లేదు. చిన్న చెక్కపెట్టెలో, మట్టికుండలో, వెదురు బొంగులో ఉంటుంది. ఏడాదికి వచ్చేది పావుకిలో నుంచి అరకిలో పుల్లటి తేనె. పసిపిల్లలున్న ఇంట్లో, ఫ్లాటు బాల్కనీలో ఇదే మేలు. ఇక్కడి నుంచి చెప్పేదంతా పుట్ట తేనెటీగ గురించి.

పెట్టె, అది పెట్టే చోటు

ఈ ఈగకు దక్షిణాదిలో ఎక్కువగా వాడేది న్యూటన్ పెట్టె. గత శతాబ్దం తొలినాళ్ళలో తిరుచ్చి ప్రాంతంలో పనిచేసిన ఫాదర్ న్యూటన్ దీన్ని రూపొందించారు. అడుగు పలక, దాని మీద ఏడు చట్రాల (ఈగలు పట్టు కట్టే చెక్క ఫ్రేముల) పిల్లల గది, అంటే గుడ్లు, పురుగులు పెరిగే చోటు, ఆపైన అదే కొలతతో, ఎత్తు మాత్రం సగానికి తక్కువగా ఉండే తేనె గది, చివర మూత. పిల్లల చట్రం లోపలి కొలత సుమారు 21 సెంటీమీటర్ల పొడవు, పద్నాలుగున్నర ఎత్తు. తేనె చట్రం ఎత్తు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు.

ఊళ్ళో వడ్రంగి చేత చేయించుకోవచ్చు, తప్పేం లేదు. కానీ సందుల కొలత దగ్గర మొహమాటపడకూడదు. చట్రానికీ గోడకూ మధ్య, చట్రానికీ చట్రానికీ మధ్య ఈగ నడవడానికి వదిలే సందు 8 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉండాలి. సెంటీమీటరు దాటితే ఆ సందులో అడ్డదిడ్డంగా పట్టు కట్టేస్తుంది. అప్పుడు ఒక చట్రం లాగితే రెండు చట్రాల పిల్లలు చితికిపోతారు. మరీ ఇరుకైతే ఈగ దూరలేని ఆ మూలలో పట్టును తినే మైనపు పురుగు గుడ్లు పెడుతుంది. వడ్రంగులు చేసే ఇంకో పొరపాటు ఇటాలియన్ పెట్టెను నమూనాగా తీసుకోవడం. దానిలో ఒక పట్టు మధ్య నుంచి పక్క పట్టు మధ్యకు దూరం 35 మిల్లీమీటర్లు. పుట్ట తేనెటీగకు 30 నుంచి 32 చాలు. ఆ మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల తేడాకే పట్లు వంకర పోతాయి.

రంగు బయటివైపు మాత్రమే వేయాలి, తెల్లరంగైతే మంచిది. లోపల వార్నిషు వాసన ఉన్న పెట్టెలో ఈగలు రెండు రోజులు కూడా నిలవవు. మూతల్లో గాలి రంధ్రాలకు సన్నటి జాలీ కొట్టాలి.

ఇక చోటు. పిల్లలున్న పట్టు దగ్గర వేడిని ఈగలు 33 నుంచి 36 డిగ్రీల మధ్య నిలబెడతాయి. మే నెలలో బయట 42, 43 ఉన్న మధ్యాహ్నం స్లాబు అంతకన్నా బాగా కాలుతుంటుంది. అప్పుడు కూలి ఈగల్లో (పనిచేసే ఆడ ఈగల్లో) సగం నీళ్ళు మోయడానికీ, వాకిలి దగ్గర రెక్కలు విసరడానికే సరిపోతాయి. మకరందానికి వెళ్ళేదెవరు? ఉదయం ఎండ తగిలి, పదకొండు నుంచి నాలుగు దాకా నీడ ఉండే చోటు కావాలి. మెట్లగది తూర్పు గోడ పక్కన అలాంటి చోటు తరచుగా దొరుకుతుంది. ట్యాంకు కింద నీడ ఉంటుంది గానీ, మోటారు అదురు పెట్టెకు పాకితే కష్టం. నీడ దొరక్కపోతే పెట్టెకు రెండడుగుల పైన షేడ్ నెట్ కట్టి, ఏప్రిల్, మే నెలల్లో మూత మీద తడి గోనెపట్టా వేయాలి.

వాకిలి ఎటు ఉందన్నది ఈగలకన్నా పక్కింటివాళ్ళకు ముఖ్యం. వాకిలి ఎదురుగా అయిదారడుగుల దూరంలో ఆరడుగుల ఎత్తు తెరో, తీగ పందిరో ఉంటే ఈగలు బయల్దేరగానే పైకి లేస్తాయి, మనుషుల తలల మీదుగా పోతాయి. బట్టలారేసే తీగకు ఎదురుగా పెట్టకూడదు. రాత్రిపూట మెట్ల దగ్గర వెలిగే ట్యూబులైటు వాకిలికి ఎదురుగా ఉంటే ఈగలు దాని చుట్టూ ముసిరి నేలమీద పడిపోతాయి. మరునాడు చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకు గుచ్చుకుంటాయి. అపార్ట్‌మెంట్లలో వచ్చే ఫిర్యాదులు సగం ఈ లైటువే. లైటు మార్చితే ఫిర్యాదు పోతుంది. అసోసియేషన్ అనుమతి మాత్రం ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

స్టాండు రెండు, రెండున్నర అడుగుల ఎత్తున ఉండి, కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో నిలబడాలి. నీళ్ళ మీద రెండు చుక్కల ఆముదం వేస్తే చీమ దాటదు, దోమా పెరగదు. గిన్నెలో ఎండుటాకు పడినా, పక్క మొక్క కొమ్మ పెట్టెకు తగిలినా చీమలకు అదే వంతెన. పెట్టెను ముందుకు ఒక సెంటీమీటరు వాలుగా ఉంచితే వాన నీళ్ళు లోపలికి పోవు. తాగునీళ్ళు పెట్టెకు పది పదిహేనడుగుల దూరంలో మట్టి పళ్ళెంలో, గులకరాళ్ళు వేసి, ఏడాదంతా ఎండకుండా ఉంచాలి. ఒక్కసారి పక్కింటి కూలరు నీళ్ళు అలవాటైతే మళ్ళీ మనవైపు తిప్పడం చాలా కష్టం.

కుటుంబాన్ని దింపడం

శిక్షణ ఇచ్చే సంస్థల దగ్గరా, పెంపకందారుల దగ్గరా నాలుగైదు చట్రాల కుటుంబం కొనుక్కోవడం సులువైన దారి. ఏలూరు జిల్లా విజయరాయిలో తేనెటీగల మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరుగుతోంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లో కూడా సలహా దొరుకుతుంది. గోడలో ఉన్న పట్టును పెట్టెలోకి మార్చడం రెండో దారి. అది ఒకసారి తెలిసినవాళ్ళ పక్కన నిలబడి చూశాక చేయవలసిన పని.

సాయంత్రం నాలుగున్నర, అయిదుకు మొదలుపెట్టాలి. కొద్దిగా, అంటే రెండు మూడు పీల్పులు, కొబ్బరి పీచు పొగ పెట్టాలి. పుట్ట తేనెటీగకు పొగ ఎక్కువైతే కంగారుపడి పరుగులు తీస్తుంది, రాణి ఎక్కడో నక్కుతుంది. పట్లను ఒక్కొక్కటిగా కోసి, తేనె ఉన్న పైభాగం వేరుచేసి, పిల్లలున్న ముక్కను చట్రంలో అమర్చి అరటి నారతో కట్టాలి. గోడలో పైవైపు ఏదో చట్రంలోనూ పైవైపు అదే ఉండాలి. తలకిందులైతే పిల్లలు దక్కవు. రెండు మూడు రోజుల్లో ఈగలు పట్టును చట్రానికి అతికించేసి నారను కొరికి బయట పారేస్తాయి.

రాణి దొరికితే పంజరంలో పెట్టి పిల్లల చట్రాల మధ్య వేలాడదీయాలి. ఈగలు వాటంతట అవే లోపలికి నడుస్తాయి. మరునాడు రాణిని వదిలి, వాకిలికి రాణి గేటు బిగించాలి. కూలి ఈగ పట్టి, రాణి పట్టని సందు అది. నాలుగైదు రోజుల్లో ఈగలు కాళ్ళకు పుప్పొడి ముద్దలతో వస్తుంటే కుదురుకున్నట్టే. వెంటనే గేటు తీసేయాలి. కొందరు భయంకొద్దీ నెలల తరబడి ఉంచేస్తారు. పోతుటీగలు బయటికి పోలేక గేటు దగ్గరే చచ్చి వాకిలిని మూసేస్తాయి. కొత్త రాణి పుడితే జతకట్టడానికి ఎగరలేక పనికిరాకుండా పోతుంది. గేటు రాణిని ఆపుతుంది గానీ, ఈగలు వెళ్ళాలనుకున్న కారణాన్ని ఆపదు.

లేచిపోవడం: గుడ్లు చెప్పే లెక్క

ఖాళీ పెట్టె ఎదుట నిలబడినప్పుడు మొదట చూడవలసింది పట్లలో ఏం మిగిలిందన్నది. పిల్లలు, కొంత తేనె వదిలేసి పోయాయంటే అది హఠాత్తు ప్రయాణం. చీమల దండు, కందిరీగల దాడి, పక్క పెట్టె ఈగల దోపిడీ, మధ్యాహ్నపు వేడి, పొగ, వీటిలో ఏదో ఒకటి తగిలింది. పట్లు శుభ్రంగా, పిల్లలూ తేనే లేకుండా ఉన్నాయంటే అది మూడు వారాల ముందే నిర్ణయమైన ప్రయాణం. దాదాపు ఎప్పుడూ కారణం ఆకలే. పట్టునిండా సాలెగూడులాంటి దారాలు, నల్లటి పెంటికలు, లావుపాటి పురుగులు కనిపిస్తే నెపం మైనపు పురుగు మీద వేయడం అలవాటు. ఆ పురుగు చాలాసార్లు ఈగలు పోయాక వచ్చినదే. బలమైన కుటుంబం దాన్ని తిననివ్వదు. ఈగలు కప్పలేనన్ని పట్లు పెట్టెలో ఉంచడం వల్లే అది దూరుతుంది.

మూడు వారాల లెక్క ఇలా వస్తుంది. కూలి ఈగ గుడ్డు నుంచి బయటపడేదాకా పద్దెనిమిది నుంచి ఇరవై రోజులు. మూడు రోజులు గుడ్డు, తరవాత అయిదు రోజులు పురుగు, ఆపైన మూత వేసిన అరలో మిగతా కాలం. పోవాలని కుటుంబం సిద్ధమైనప్పుడు రాణి గుడ్లు పెట్టడం తగ్గించి, మానేస్తుంది. ఉన్న పిల్లలు బయటపడేదాకా ఆగి, నిలవ తేనె కడుపులో నింపుకుని లేస్తాయి. కాబట్టి చట్రం చేతిలోకి తీసుకుని, ఎండ భుజం మీదుగా అరల్లోకి పడేలా పట్టుకుని, గుడ్ల కోసం వెతకాలి. మొదటి రోజు గుడ్డు అర అడుగున నిటారుగా నిలబడి ఉంటుంది, రెండో రోజు ఒరుగుతుంది, మూడో రోజు పడుకుంటుంది. నిలబడ్డ గుడ్డు కనిపిస్తే రాణి నిన్నో ఇవాళో అక్కడ తిరిగినట్టే, ఆమె కోసం వెతికి ఈగలను చెదరగొట్టక్కర్లేదు. గుడ్లు లేక పురుగులు మాత్రమే ఉంటే రెండు వారాల పైచిలుకు గడువుంది. మూత వేసిన అరలు మాత్రమే ఉంటే పది పదకొండు రోజులకు మించి లేదు. పుప్పొడి మోసుకొచ్చే ఈగలు తగ్గడం దీనికి తోడు సాక్ష్యం. పిల్లలు లేనప్పుడు పుప్పొడితో వాటికి పనిలేదు.

ఆ గడువులో చేయగలిగేవి ఉన్నాయి. ఈగలు కప్పని పట్లు తీసేసి కుటుంబాన్ని నాలుగు చట్రాలకు కుదించడం మొదటిది. రెండోది పంచదార పాకం. కిలో పంచదారకు లీటరు నీళ్ళు, మరిగించి చల్లార్చిన నీళ్ళలో కలిపింది, రోజు విడిచి రోజు 200 మిల్లీలీటర్లు, చీకటి పడే వేళకు, పెట్టె లోపల. మూతకు సూదితో సన్నటి రంధ్రాలు చేసిన సీసాను చట్రాల మీద బోర్లించి, చుట్టూ ఖాళీ తేనె గది పెడితే చాలు. పగలు పోసినా, బయట ఒలికినా ఊళ్ళో ఈగలన్నీ దోపిడీకి దిగుతాయి. బెల్లం పాకం వద్దు, ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. రెండో పెట్టె ఉన్నవాళ్ళు అందులోంచి ఈగలు దులిపేసిన ఒక చట్రం, గుడ్లూ పురుగులూ ఉన్నది, ఇందులో పెడితే ఫలితం ఇంకా బాగుంటుంది. మొదటిసారే రెండు పెట్టెలతో మొదలుపెట్టమనడం అందుకే.

జనవరి నుంచి మార్చి మధ్య జరిగేది వేరు. అప్పుడు కుటుంబం బలిసి రెండుగా చీలుతుంది. పాత రాణి సగం ఈగలతో పోతుంది, మిగిలిన సగానికి కొత్త రాణి పుడుతుంది. దీని సూచనలు పట్టు అంచుల్లో కనిపిస్తాయి. ముందు పోతుటీగల అరలు లేస్తాయి. పుట్ట తేనెటీగ పోతు అర మూత మీద నడిమధ్యన సూదిమొనంత రంధ్రం ఉంటుంది, చూస్తే మరచిపోలేం. ఆ తరవాత కింది అంచున వేరుసెనగ కాయలా వేలాడే రాణి అరలు. రాణి అరకు గుడ్డు పెట్టిన ఎనిమిదో రోజుకు మూత పడుతుంది, చీలిక ఆ ముందూవెనకల్లోనే. కాబట్టి ఈ మూడు నెలలు వారానికోసారి చూడాలి. రాణి అరలు తుంచేయడం ఒక్కటే చేస్తే మళ్ళీ కడతాయి. పాత రాణి ఉన్న చట్రంతో పాటు మూడు చట్రాలు వేరే పెట్టెలోకి తీసి, మంచి రాణి అర ఒక్కటి మాత్రం పాతదానిలో ఉంచితే, పోవలసిన సగం మన రెండో పెట్టె అవుతుంది. మిగతా నెలల్లో పది పదిహేను రోజులకు ఒకసారి తెరిస్తే చాలు. రోజూ మూత తీసి చూసే ముచ్చటకు చాలా కుటుంబాలు బలైపోతాయి.

ఎప్పుడు, ఎంత తీయాలి

హైదరాబాద్ చెట్ల క్యాలెండరు చూస్తే రెండు పూతకాలాలు. వానలు వెనకబట్టాక రేగు, తరవాత కుంకుడు, ఎప్పుడూ పూసే ఆంటిగోనాన్ తీగ కలిసి కుటుంబాన్ని పెంచుతాయి. ఫిబ్రవరి నుంచి మునగ, గిరిపుష్పం, కానుగ, వేప, నేరేడు, చివర్లో చింత. అసలు తేనె ఈ రెండో కాలానిదే. కాగితం పూలు, ముద్ద మందారాలు, ముద్ద గులాబీలు కంటికి నిండుగా ఉంటాయి గానీ ఈగకు వాటిలో దక్కేది దాదాపు శూన్యం. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా పూత తక్కువ, వాన రోజుల్లో ఎగరడమూ తక్కువ. అదే కరువు కాలం, లేచిపోయే కాలం.

పిల్లల గది ఏడు చట్రాలూ ఈగలతో నిండాకే తేనె గది ఎక్కించాలి. ముందే ఎక్కిస్తే ఖాళీ జాగాకు కాపలా కాయడం తప్ప ఉపయోగం లేదు. పాకం పోస్తున్నంతకాలం అసలు ఎక్కించకూడదు. ఈగ ఆ పాకాన్నే అరల్లో నింపి మూత వేస్తుంది, మనం దాన్ని తేనె అనుకుని తీస్తాం. తెలియకుండా జరిగే కల్తీ ఇదే. చెరకు రసం బండ్లు, మిఠాయి దుకాణాలు పక్కనే ఉన్న చోట కూడా కరువు కాలంలో ఈగలు మోసుకొచ్చేది అదే, ఆ నెలల్లో తీసిన దాన్ని తేనెగా లెక్కపెట్టకపోవడమే న్యాయం.

చట్రంలో మూడింట రెండు వంతుల అరలకు తెల్లటి మూత పడ్డాకే తీయాలి. అనుమానముంటే చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్కసారి కిందికి విదిలించాలి. చుక్కలు రాలితే పచ్చి మకరందం, ఇంకో వారం ఆగాలి. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. ఇక్కడ మన వాతావరణం కలిసొస్తుంది. మార్చి, ఏప్రిల్ పొడిగాలికి మూత పడిన తేనె ఆ హద్దుకు సులభంగా దిగుతుంది. వానాకాలంలో మూత పడినదానిలో కూడా తేమ ఎక్కువే ఉండి, సీసాలో నురగ కట్టి పులుస్తుంది. తేమ కొలిచే, చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటరుతో ఒక్క చుక్క చూస్తే తేలిపోతుంది. నీళ్ళ గ్లాసులో వేసి చూడడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం వంటి పరీక్షలు తేమను, చిక్కదనాన్ని చూపిస్తాయేమో గానీ కల్తీని పట్టవు. గడ్డకట్టడమూ కల్తీకి గుర్తు కాదు. గోరువెచ్చని నీళ్ళలో సీసా ఉంచితే కరుగుతుంది.

నిండిన ఒక చిన్న తేనె చట్రంలో పట్టేది 250 నుంచి 350 గ్రాములు. ఏడు చట్రాల గది నిండితే రెండు కిలోలు. మంచి ఏడాది అలాంటివి రెండు సార్లు దొరికితే నాలుగు కిలోలు. చుట్టూ చెట్లు బాగా ఉన్న కాలనీల్లో ఇంకో కిలో, రెండు కిలోలు. పెట్టె, స్టాండు, ముసుగు, చట్రాలు తిప్పి తేనె తీసే చిన్న యంత్రం ఖర్చు వేసుకుంటే తేనె కోసం ఈ పని మొదలుపెట్టినవాళ్ళకు నష్టమే. చుట్టుపక్కల మునగకు కాపు పెరగడం, ఈగల పని చూడడం లాభంలో కలుపుకోగలిగినవాళ్ళకే ఇది పనికొస్తుంది.

ఎంత వదలాలన్న దగ్గరే తప్పు జరుగుతుంది. పిల్లల గది చట్రాల పైభాగంలో వంపుగా ఉండే తేనెను ఎప్పుడూ ముట్టకూడదు. దాన్ని కూడా యంత్రంలో తిప్పితే పిల్లలు ఊడి తేనెలో పడతారు, ఈగలకు కరువు కాలపు గింజలూ పోతాయి. ఏప్రిల్ చివరితో మన వంతు ముగించి, చింత పూత మీద వచ్చినదంతా ఈగలకే వదిలేయాలి. మే నెలలో ఇంకో కిలో తీసుకున్నవాళ్ళు ఆగస్టులో అంతకు రెట్టింపు పంచదార పోయాల్సి వస్తుంది. పోయడం మరిస్తే పెట్టె ఖాళీ.

తీసే రోజు ఉదయం ఎనిమిది, పది మధ్య పొగ స్వల్పంగా పెట్టి, చట్రాన్ని పెట్టె మీదే దులిపి, మిగిలిన ఈగలను మెత్తటి కుంచెతో తోసి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని లోపలికి పోవాలి. తలుపులు, కిటికీలు మూయకపోతే పది నిమిషాల్లో వంటింట్లో ఈగలే ఈగలు. వేడినీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో మూతలు పైపైన చెక్కి, చట్రాలు యంత్రంలో పెట్టి ముందు నెమ్మదిగా తిప్పాలి. కొత్త పట్టు లేతగా ఉంటుంది, ఒక్కసారి వేగం పెంచితే విరుగుతుంది. స్టీలు జల్లెడ, తరవాత పల్చటి గుడ్డలో వడగట్టి, రెండు రోజులు కదపకుండా ఉంచితే మైనం నలుసులు, గాలి బుడగలు పైకి తేలతాయి. వాటిని తీసేసి సీసాలకు పోయాలి. వేడిచేయడం అనవసరం. ఏడాది లోపు పసిపిల్లలకు ఏ తేనే నాకించకూడదు, సొంత పెట్టెదైనా సరే. అందులో ఉండగల బొటులిజం అనే జబ్బు బీజాలు వాళ్ళకు ప్రమాదం. అమ్మాలనుకుంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు.

మిగతా కీడు

దోమల పొగ యంత్రం సాయంత్రం వస్తుంది, సరిగ్గా ఈగలు ఇంటికి చేరే వేళకు. చప్పుడు వినగానే వాకిలికి జాలీ అడ్డంపెట్టి, తడి గోనె కప్పి, పొగ తొలగిన గంటకు తీసేయాలి. పలకతో మూసేస్తే లోపల ఊపిరాడక వేడికి పోతాయి. పసిరిక పిట్టలూ, ఏట్రింతలూ తీగల మీద కూర్చుని ఈగలను పట్టుకుంటాయి. బలమైన కుటుంబానికి అదొక లెక్క కాదు. కందిరీగలు అలా కాదు, వాకిలి ఎత్తును ఒక ఈగ పట్టేంతకు తగ్గించి, అవి ఇళ్ళు కట్టకముందే వేసవిలో వచ్చే రాణి కందిరీగలను పట్టుకోవాలి.

జబ్బుల్లో అసలైనది థాయి శాక్‌బ్రూడ్ వైరస్. 1991, 92లో దక్షిణాదిలో పుట్ట తేనెటీగ కుటుంబాలను పెద్దఎత్తున తుడిచిపెట్టింది ఇదే. మూత వేయబోయే పురుగు తల పైకెత్తి చచ్చి ఉంటుంది. పట్టకారుతో లాగితే నీళ్ళు నిండిన సంచిలా వస్తుంది, ఎండితే పడవ ఆకారంలో వంగిన పొలుసవుతుంది. మందు లేదు. ఆ పట్లు తీసి తగలబెట్టి, రాణిని రెండు మూడు వారాలు పంజరంలో ఉంచి పిల్లల వరస తెంచడం, వీలైతే తట్టుకున్న కుటుంబం నుంచి వచ్చిన రాణిని పెట్టడం, ఆ పెట్టె చట్రాలు మరోదానిలో వాడకపోవడం, ఇంతే చేయగలిగేది.

తేనె తీసిన ఖాళీ పట్లను ఆ సాయంత్రమే తేనె గదిలో తిరిగి పెడితే తెల్లారేసరికి ఈగలు నాకి శుభ్రం చేస్తాయి. పూతకాలం అయిపోయాక వాటిని పాలిథీన్ సంచిలో కట్టి రెండు రోజులు డీప్‌ఫ్రీజర్‌లో ఉంచాలి (ఇంట్లోవాళ్ళ ఒప్పందం మీద). మైనపు పురుగు గుడ్లతో సహా చస్తుంది. ఆ సంచి విప్పకుండానే గాలి చొరని డబ్బాలో వచ్చే ఫిబ్రవరి దాకా దాచాలి. కట్టిన పట్టు చేతిలో ఉంటే ఈగలు మైనం చేయడానికి తేనె ఖర్చుపెట్టవు, ఆ ఏడాది తేనె గది రెండు మూడు వారాలు ముందుగా నిండుతుంది.